పిన్నిగారి ఫోనులో తెరుచుకోని లేసు

నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళ సంఘానికి ఫోనులో నింపే ఫారం తయారుచేసింది నేనే. అంతకుముందు కొత్త పని వచ్చినప్పుడల్లా నమూనాలన్నీ ఒక చాప మీద పరిచేవారు. అందరూ చుట్టూ కూర్చుని, చేత్తో పట్టి చూసి, నచ్చిన పని తీసుకునేవారు. ఆ చాపనే ఫోనులోకి తేవాలని నా సరదా. నమూనాలన్నీ ఒకే పేజీలో, పోగు పోగూ కనబడేంత పెద్ద ఫోటోలతో పెట్టాను. ముందు నొక్కినవాళ్ళకే ఆ పని.

రాజమండ్రిలో, నా కొత్త ఫోనులో, ఫారం చిటికెలో తెరుచుకుంది. నాతో పనిచేసే ఒకాయన, "ఫోటోలు తగ్గించండి, పాత ఫోన్లు మొరాయిస్తాయండి" అన్నాడు. "కుదించేస్తే ఇంక లేసు అందమేం కనబడుతుందండీ?" అని విసుక్కున్నాను. పొగరు, ఇంకేం కాదు.

అన్నిటికంటే పెద్ద ఫోటో చేమంతుల టేబుల్ క్లాతుది. ఆ అల్లిక నరసాపురంలో మా పక్కింటి పిన్నిగారి సొంతం. చిన్నప్పుడు నా చేత లేసు సూది పట్టించింది ఆవిడే. ఏడాదంతా ఆ పని కోసమే ఎదురుచూసేది. ఆవిడ మీద ప్రేమ కొద్దీ ఆ ఫోటోను పేజీ చివర, ఘనంగా పెట్టాను.

పని ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"చేమంతులు తీసుకున్నారా పిన్నిగారూ?"

"ఎక్కడమ్మా! పొద్దున్నుంచీ గుండ్రంగా తిరుగుతానే ఉంది. తీరా తెరుచుకునేసరికి ఎవరో తీసేసుకున్నారు. నాకు రుమాళ్ళ అంచులు మిగిలాయిలే. నీ ఫోటోలు మాత్రం ఎంత బాగున్నాయో! నాదే దిక్కుమాలిన ఫోను."

తప్పు ఫోనుది కాదని, నాదని చెప్పాల్సింది. "అయ్యుంటుంది పిన్నిగారూ, ఫోను నిండిపోయిందేమో" అన్నాను.

ఆ సాయంత్రమే ఫోటోలన్నీ కుదించాను. ఒక్కో పేజీకి కొన్నే వచ్చేలా విడగొట్టాను. వంట చేసుకున్నంత సేపు కూడా పట్టలేదు. అంత చిన్న పనికి బద్ధకించి ఆవిడ నోటి దగ్గర కూడు తీసేశానని నా మీద నాకే అసహ్యం వేసింది. బాగుచేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నరసాపురం వెళ్ళినప్పుడు పిన్నిగారు అరుగు మీద రుమాలు అంచు అల్లుతోంది. నన్ను చూడగానే సంబరంగా ఫోను తీసింది.

"నువ్వన్నది నిజమేనమ్మా, నిండిపోయిందంట. షాపులో ఇచ్చి పాత ఫోటోలన్నీ తీయించేశాను. మీ బాబాయిగారు పోయేముందు కోరుకొండ గుడి మెట్లెక్కాం చూడు, ఆ ఫోటోలూ పోయాయి. ఇంకెక్కడా లేవంట. పోతే పోయాయిలే, పని ముఖ్యం కదా. ఇప్పుడెంత చకచకా వస్తందో చూడు!"

ఫారం నొక్కి నా చేతిలో పెట్టింది. బొమ్మలు వెంటవెంటనే వచ్చేశాయి. ఆవిడ నా మొహం వైపే చూస్తోంది.

"బాగా వస్తోంది పిన్నిగారూ" అన్నాను.