కుక్కల బిస్కెట్లకు చాక్లెట్ పూత

బేకరీలో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవాళ్ళు. గుప్పెడు పిండైనా తూకం వెయ్యనిదే గిన్నెలో పొయ్యదని ఆ పేరు. బేకరీ బావగారిది, అంటే భర్త అన్నగారిది. పెళ్ళయిన మరుసటి ఏడు వెనక వంటగదిలో అడుగుపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఓవెన్ వేడిలోనే ఉంది. భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

ఏడాది చివర సెలవులకు కేకుల హడావుడి మొదలయ్యేది. అందులోనే రెండు ట్రేలు కుక్కల కోసం పక్కన పెట్టుకునేది. ఉడికించిన చిలగడదుంప, ఓట్స్, గుడ్డు, అంతే. ఉప్పు లేదు, పంచదార లేదు. చిన్న చిన్న ఎముకల్లా కోసి, సన్నటి సెగ మీద కరకరలాడేదాకా కాల్చేది. ఇదేమీ సరదాకు మొదలుపెట్టింది కాదు. ఒకసారి సెలవులకు వచ్చిన చుట్టాలెవరో ముద్దుచేసి ఎండుద్రాక్ష కేకు పెడితే, ఆమె పెంచుకున్న కుక్క మూడు రోజులు నరకయాతన పడి చనిపోయింది. మనం తినేవి వాటికి పెట్టకండర్రా అని ఎంతమందికి చెప్పినా చెవికెక్కలేదు. పెట్టక ఉండలేమంటే ఇవి పెట్టి చావండి అని తనే చెయ్యడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఆర్డర్లు బాగా వచ్చాయి. దాంతో బావగారి కన్ను వాటి మీద పడింది. మట్టిబెడ్డల్లా ఉన్నాయి, పైన చాక్లెట్ పూసి రిబ్బను కడితే చూడ్డానికి బాగుంటాయన్నాడు. చాక్లెట్ కుక్కలకు విషమని ఆమె చెప్పింది. మర్నాడు మళ్ళీ అంటే మళ్ళీ చెప్పింది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే ఆమె అనుకుంది.

ఆ తర్వాతి రోజు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. మర్నాడు పొద్దున తిరిగి వచ్చేసరికి సింకులో చాక్లెట్ కరిగించిన గిన్నె నానుతోంది, కుక్కల ట్రేలు ఖాళీగా ఉన్నాయి. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగితే, నిన్న బావగారే దగ్గరుండి పూయించారని, సాయంత్రమే అన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయాయని తల వంచుకుని చెప్పింది. కొలతలమ్మకు ఒళ్ళు మండిపోయింది. అరవడానికి కూడా తీరిక లేదు. ఆర్డర్ల పుస్తకం ముందేసుకుని ఒక్కో ఇంటికీ ఫోన్ చేసింది. అదృష్టం బాగుండి చాలామంది పొట్లం విప్పలేదు. రిటైరైన పోస్టుమాస్టరుగారు మాత్రం ఫోన్ ఎత్తలేదు.

వ్యానులో భర్త పక్కన కూర్చుని, అవి ఇళ్ళకు చేర్చింది నువ్వేగా అని అడిగింది. అన్నయ్య ఇచ్చాడు, పంచానని అతను నీళ్ళు నమిలాడు. ముందు పోస్టుమాస్టరుగారింటికి పోనియ్యమంది.

పోస్టుమాస్టరుగారు గుమ్మంలోనే ఉన్నారు. చేతుల్లో చిన్న తెల్లకుక్క రొప్పుతూ వణుకుతోంది. చొక్కా నిండా వాంతి.

"మీ బావగారికి ఫోన్ చేశానమ్మా," అన్నారాయన. "చేసింది మా మరదలు, అందులో ఏం కలిపిందో నాకు తెలియదన్నారు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ముందు కుక్క సంగతి చూడాలి. వ్యానులో ఎక్కించి తీసుకెళ్తే పశువుల డాక్టరమ్మ మిగిలింది కక్కించి, సెలైన్ పెట్టింది. మధ్యాహ్నం దాటాక గుండె దడ తగ్గి, అది కాసిని నీళ్ళు తాగింది. ఇంకో గంట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ అంది.

అక్కణ్ణుంచి తిన్నగా బేకరీకి వెళ్ళింది. జనం కిటకిటలాడుతున్నారు. బావగారు కౌంటరు దగ్గర కేకుకు దారం కడుతున్నాడు.

"బావగారూ, కుక్కల బిస్కెట్లకి చాక్లెట్ పూయించిందెవరు?"

"లోపల మాట్లాడుకుందాం రామ్మా," అన్నాడాయన నవ్వు చెదరకుండా.

"లోపల రెండుసార్లు చెప్పాను. మీరు వినలేదు. ఇప్పుడిక్కడే చెప్పండి."

"బతికిందటగా! ఒక కుక్క కోసం నలుగురిలో ఇంటి పరువు తీస్తావా?"

"తప్పు మీరు చేసి నా పేరు చెప్పారు. నా చేత్తో విషం పెట్టానని ఆ పెద్దాయన ఇంతసేపూ నమ్మాడు. ఆయనకి ఫోన్ చెయ్యండి. నేను వినేలా చెప్పండి."

కొనడానికి వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఆయన గత్యంతరం లేక ఫోన్ తీసి, పొరపాటు జరిగిందండీ అన్నాడు.

"జరిగింది కాదు. చేశాను అనండి."

ఆయన, నేనే చేశాను అన్నాడు. ఆమె ఏప్రన్ విప్పి కౌంటరు మీద పెట్టి బయటికి నడిచింది.

ఇంటికొచ్చాక భర్త ఎంత బతిమాలినా మెత్తబడలేదు. నువ్వు వ్యాను నడుపుకో, నేను మాత్రం ఆ గడప తొక్కనని తేల్చి చెప్పింది. ఒక హాస్టల్ వంటగదిలో పనికి కుదిరింది. మరుసటి ఏడు సెలవులకు ఇంట్లోనే, చిన్న ఓవెన్‌లో, కుక్కల బిస్కెట్లు మొదలుపెట్టింది. పోస్టుమాస్టరుగారు వచ్చి దుంపలు చిదిమి పెట్టేవారు. ఆయన చిదిమినవీ ఆమె తూకం వేసుకునేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున బావగారు గుమ్మంలోకి వచ్చాడు. తిరిగి రమ్మని భర్త చేత కబుర్లు పంపి పంపి, చివరికి తనే వచ్చాడు.

"ఏడాదైంది కదమ్మా. ఇంకా కోపమేనా?"

"ఇంకా కోపమే, బావగారూ."

కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఓవెన్‌లో ట్రే మాడిపోతుందని లోపలికి వెళ్ళిపోయింది.