మా వదిన అల్లిన స్వెట్టర్

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో, ఒక చలి ఉదయం, నా స్నేహితురాలి పసిపిల్లకు స్వెట్టర్ అల్లుతూ కూర్చున్నాను. ఫోన్లో వీడియోలు చూసి కొత్తగా నేర్చుకున్న విద్య. బిష్టుపూర్ బజార్లో మా గాజుల కొట్లో పెరిగినదాన్ని కదా, ఆ ఊలు కోసం కొట్టువాడు దండం పెట్టేదాకా బేరమాడాను. పక్కనున్న పెద్దావిడ, జారిపోయిన ఊలుండ తీసి ఒళ్ళో పెట్టుకుని, నాకు అందేలా దారం వదులుతోంది.

"ఎవులికమ్మా?"

"మా స్నేహితురాలి కూతురికి. ఎల్లుండి ఉయ్యాల్లో వేస్తారు."

"మరి నీకు పిల్లలో?"

"లేరండీ."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "అయితే నీ చేత్తో ఇయ్యకు తల్లీ. పిల్లలున్న మనిషి చేత ఇప్పించు. నేపోతే నవ్వుతా తీసుకుని పెట్లో పడేత్తారు."

"మాది చిన్నప్పటి స్నేహమండీ."

"నాకూ పిల్లల్నేరు. మా సొంత చెల్లి కూతురికి నాను కుట్టిన గౌను మడతే ఇప్పనేదు. పిల్ల తొడుక్కోవాలా, నీ పేరు రావాలా? సూసుకో."

అల్లడం పూర్తయ్యాక స్వెట్టర్ మా వదిన చేత ఇప్పించాను. ఆమెకు ముగ్గురు పిల్లలు, అల్లిక మాత్రం రాదు.

ఉయ్యాల రోజున పిల్లకు అదే తొడిగారు. స్నేహితురాలు దాని అంచు నిమురుతూ, "మీ వదిన ఎంత బాగా అల్లిందే! నువ్వు ఖాళీగానే ఉంటావుగా, నేర్చుకోరాదూ?" అంది. వదిన తల దించుకుంది.

నేర్చుకుంటానన్నాను.