కూర్చో అన్న మాట

మా తమ్ముణ్ణి వీధంతా బడాయి అనే పిలుస్తుంది. చేసేది పంక్చర్లు వేయడం, గాలి కొట్టేది మాత్రం మాటలకి. దొంగ టైర్లు కొన్నాడని జైల్లో పెట్టారు. తెలిసి కొన్నాడో తెలియక కొన్నాడో, ఇప్పటికీ నాకు అనుమానమే.

చూడ్డానికి వెళ్తే ఇనప జాలీ అవతల నుంచి అందుకున్నాడు. "అక్కా, ఒకే గదిలో నలభై మందిమి. వంతులేసుకుని పడుకుంటున్నాం. మరుగుదొడ్డి పొంగి పక్కల కిందికి వస్తోంది. జైలు మీద కేసు వేశాను."

"నువ్వా? జైలు మీదా? చాల్లేరా, ఎవరి చెవిలో పువ్వులు పెడతావ్!" అన్నాను. వాడు నలభై అంటే మనం పది అనుకోవాలి.

వాడి తరపున వాదించే లాయరమ్మ పైసా తీసుకోదట. ఊరికే ఎవరొస్తారు? ఆవిడ మీదా అనుమానమే. జైలరు సంగతి మరీను. కేసు పడ్డాక నాకు కుర్చీ వేయించి, "మీ తమ్ముడుగారు కులాసా అమ్మా" అన్నాడు. గారట! అతి వినయం ధూర్త లక్షణమని మా అమ్మ ఊరికే అనేది కాదు.

కోర్టులో జైలు తరపు లాయరు ఫొటోలు చూపించాడు. కొత్త సున్నం, ఫ్యాన్లు, వరసగా కుర్చీలు. "ఖైదీల్ని మర్యాదగా చూసుకుంటున్నాం. ఇతను పేరుమోసిన అబద్ధాలకోరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా లోపల పీకుతూనే ఉంది, మా వాడు నిజమే చెప్తున్నాడా అని. కేసు కొట్టేస్తే వాడు మళ్ళీ ఆ జైలరు చేతుల్లోకే పోవాలి.

వాడు బోనులో నిలబడలేక తూలుతుంటే జడ్జిగారు, "కుర్చీ ఉంది, కూర్చో బాబూ" అన్నారు.

వాడు కుర్చీ వైపే చూడలేదు. కూర్చో అన్న మాట చెవిన పడిందో లేదో, దభీమని నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చేతులు నెత్తిన పెట్టుకుని, తల మోకాళ్ళలో దూర్చేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒరేయ్, లేవరా!" అని జైలరు అరిచి నాలుక కరుచుకున్నాడు. గారు ఎటుపోయిందో! వాడు ఇంకా ముడుచుకుపోయాడు.

జడ్జిగారు ఫొటోలు పక్కకి తోసేశారు. "ఇవాళే వెళ్ళి నేనే చూస్తాను" అన్నారు.

అందరూ లేచినా నేను లేవలేకపోయాను. ఏడుపు ఆగలేదు. గోరంతది కొండంత చేసి చెప్పేవాడు, జైల్లో కూర్చో అంటే ఏమిటో, ఈ ఒక్కటీ నాకు చెప్పలేదు.