పండ్ల సెట్టు ఎత్తుకుపోయిన బదిలి

వాన మొదలైతే చాలు, నా చాయ్ బండి కిందికి ఒక వీధికుక్క దూరి ఒళ్లు దులుపుతుంది. చాయ్ తాగేవాళ్లు ముక్కులు మూసుకుని, గ్లాసులు పట్టుకుని అవతలికి జరుగుతారు. నేను మాత్రం ఆ తడిసిన బొచ్చు వాసనను, ఉడుకుతున్న అల్లం వాసనతో కలిపి గుండెల నిండా పీల్చుకుంటాను. అంతే, గోదావరిఖని కార్మికుల కాలనీలో పదేళ్ల పిల్లవాణ్నై తుమ్మపొదలో గొంతుక్కూర్చుని, వెనక నుంచి ఉరికొస్తున్న నాలుగు కాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కిస్తుంటాను.

ఆ నాలుగు కాళ్ల పేరు బదిలి. తండ్రి ఆఫీసర్ల బంగళాల్లోని సీమకుక్క, తల్లి మా గల్లీలో ఎంగిలాకుల మీద బతికినది. అందుకేనేమో, దాని ఒక చెవి ఆఫీసరులాగా నిటారుగా నిలబడితే, రెండోది డ్యూటీ దిగిన కార్మికుడిలాగా వాలిపోయి ఉండేది. బొగ్గుబాయిలో కొలువు పక్కా కానివాళ్లను బదిలీ కార్మికులనేవారు. "ఇటు సీమదీ గాదు, అటు ఊరిదీ గాదు, దీని నౌకరి ఎన్నడు పర్మనెంటయితది?" అంటూ మా కాక, అంటే నాయిన తమ్ముడు, దానికా పేరు పెట్టాడు. కాకది బాయిలో ప్రమాదమైతే మనుషులను బయటికి తెచ్చే రెస్క్యూ జట్టు. తప్పిపోయినవాళ్లను వాసన పట్టి వెతికే కుక్కలను ఆయన ఎక్కడో చూసొచ్చాడు. కంపెనీ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు, అయినా తన కుక్కకు ఆ విద్య నేర్పి తీరుతానని పట్టు పట్టాడు.

నేర్పాలంటే రోజూ ఒకడు తప్పిపోవాలి కదా! ఆ కొలువు నాకు దక్కింది. మాయమవడంలో నాకు అప్పటికే మంచి పేరుండేది, దానికి సాక్షులు మా బడి పంతుళ్లే. నేను ఏడో తరగతికొచ్చేసరికి వాళ్లు నన్ను వెతకడం కూడా మానేశారు. ఎండాకాలం నీళ్ల ట్యాంకు వెనక, వానాకాలం తుప్పు పట్టి బోర్లా పడి ఉన్న బొగ్గుతొట్టి కింద, చలికాలం పక్కింటివాళ్ల గడ్డివాములో నేను నక్కితే, కాక నా అంగీ దానికి వాసన చూపించి "దేవులాడు!" అనేవాడు. అది ముక్కు నేలకు ఆనించి వచ్చి, నా ముందు చతికిలబడి, కాలనీ అదిరేలా మొరిగేది. తర్వాత ఉడికిన గుడ్డు పంపకం. దొరకబట్టినదానికి పచ్చసొన, దొరికినవాడికి తెల్లసొన. ఈ చట్టం కాకది.

ఇదంతా ఎదురు క్వార్టర్ ఓదెలు తాతకు మంట. బాయిలో ముప్పై ఏళ్లు చేసి దిగి, మేకలు కాసుకునేవాడు. "పోరన్ని దాసుడేంది, మళ్ల కుక్కతోని దొరకబట్టుడేందిరా? దాసిన కాడ గట్లనే ఉండనియ్యరాదు! కాలనీకి పీడ వోతది" అనేవాడు నన్ను చూస్తూ.

ఒక శ్రావణమాసం మధ్యాహ్నం, మూడు రోజుల ముసురు. అమ్మ బొగ్గుల పొయ్యి మీద మక్కకంకులు కాలుస్తోంది, ఇల్లంతా చిటపటల వాసన. బయట మేకల అరుపులు వినిపించాయి. వెనకే తాత భార్య పోశవ్వ గొంతు: "మేకలచ్చినయే... ముసలోడు రాలే!"

అమ్మ చేతిలో కంకి ఆగిపోయింది. తాత మేకలు కాసేది ఓపెన్‌కాస్టు గనిలో తవ్వి పోసిన మట్టిగుట్టల మీద. ముసురుకు ఆ మట్టి జారుతుందని, జారితే మనిషిని మింగుతుందని కాలనీలో పసిపిల్లకు కూడా తెలుసు.

కాక బదిలిని పట్టుకుని వచ్చాడు. "అవ్వా, తాతది ఇడిసిన బట్ట తే, జల్ది!"

పోశవ్వ, తాత అపురూపంగా దాచుకున్న పాత డ్యూటీ అంగీ తెచ్చింది. బదిలి వాసన చూసింది, ఉరికింది. మేమూ ఉరికాం. గుట్టల వైపు కాదు, నేరుగా బాయి గేటుకు! అప్పుడే మొదటి షిఫ్టు దిగుతోంది. నల్లటి ముఖాల గుంపులో బదిలి ఒక్కొక్కరినీ వాసన చూసి, పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి, చివరికి మా నాయిన ముందు చతికిలబడి మొరిగింది.

"నేను తప్పిపోలేదురా అయ్యా, డ్యూటీకి వోయిన!" అన్నాడు నాయిన బిత్తరపోయి.

కాక నెత్తి కొట్టుకున్నాడు. డ్యూటీ అంగీలో ఉన్నది తాత కాదు, బొగ్గు. ఆ బొగ్గు ఇక్కడ అందరి ఒంటి మీదా ఉంది. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన కాబట్టి అది వాసనేనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నాయినను కూడా వెంటేసుకుని వెనక్కి ఉరికాం. ఈసారి పోశవ్వ, తాత తల కింద పెట్టుకునే మెత్త అడుగు నుంచి ఆయన తలరుమాలు తీసింది. చుట్ట కంపు, చెమట కంపు. అందులో మూటగట్టి ఆయన కట్టుడు పండ్ల సెట్టు. మేకల దగ్గరికి పోతే పడిపోతాయని ఇంట్లోనే పెట్టి పోయేవాడు. ఆమె ముడి విప్పేలోపే బదిలి ఒక్కసారి వాసన చూసి, మూటను అమాంతం నోట కరుచుకుని పరుగు!

"అయ్యో, మొగన్ని దేవులాడుమంటే మొగని పండ్లెత్తుకపాయెనే!" పోశవ్వ గుండెలు బాదుకుంది.

వాగు దాటి, మోకాళ్ల లోతు బురదలో పడుతూ లేస్తూ, కాక ముందు, హెల్మెట్ తీయకుండానే నాయిన, వెనక చెప్పులు పోగొట్టుకున్న నేను. గుట్టల మధ్య బదిలి మాయమైంది. వాన పెరిగింది. ఎటు చూసినా ఒకే రంగు మట్టి, ఒక్క చప్పుడు లేదు. కాక ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. అప్పుడు వినబడింది, ఎడమ వైపు నుంచి మొరుగు!

"కాకా, మూట కింద పెట్టింది! దొరికిండు!" అని అరిచాను. నోట్లో మూట ఉన్నంతసేపు అది మొరగలేదు కదా.

రెండు గుట్టల సందులో, నడుము దాకా మట్టిలో కూరుకుపోయి ఓదెలు తాత. ఆయన ముఖాన్ని బదిలి నాకుతోంది. "పైకి ఎక్కకుండ్రి, మట్టి మళ్ల దిగుతది" అని కాక మమ్మల్ని పక్క నుంచి తిప్పాడు. కాక చేతులతో, నాయిన హెల్మెట్‌తో మట్టి తోడారు. కాళ్లు బయటపడేసరికి తాత కళ్లు తెరిచి, పక్కనున్న మూట తడిమి, బోసి నోటితో గొణిగాడు.

"పండ్లయితే తెచ్చిండ్రు... మక్కకంకి తెచ్చిండ్రా?"

ఆ వానలో మేము నవ్వామో ఏడ్చామో ఇప్పటికీ చెప్పలేను. నేనైతే ఊరుకోలేదు. "దాసిన కాడ గట్లనే ఉండనియ్యాల్సింది తాతా! కాలనీకి పీడ వోతుండె!" అన్నాను. కర్ర కోసం తడుముకున్నాడు, దొరకలేదు, నవ్వాడు.

సెట్టులో ముందరి పన్ను మీద బదిలి కోర గీత పడింది. కొత్తది కట్టించుకొమ్మని కొడుకు పోరినా వినలేదు. "ఉండనియ్. బదిలి సంతకం వెట్టింది" అని అందరికీ పళ్లికిలించి చూపించేవాడు. బదిలి కొలువు పర్మనెంటు చేసింది కూడా ఆయనే, ఆదివారం పూట మాంసం బొక్కలిచ్చి.

రాష్ట్రం వచ్చిన రోజు పటాకుల మోతకు ముసలి బదిలి మా మంచం కింద దూరింది. మమ్మల్నందరినీ వెతికినది తాను దాక్కోవడం ఆ ఒక్కసారే చూశాను. ఆ ఏడు చలికి అదీ పోయింది, తర్వాత తాతా పోయాడు. మా క్వార్టర్లు కూల్చేశారు, బొగ్గుతొట్టి తుక్కుకు పోయింది, మట్టిగుట్టల మీద చెట్లు మొలిచి నిజం గుట్టలైపోయాయి. ఇప్పటి పిల్లలు ఎక్కడా దాక్కోరు, ఫోను మోగితే చాలు దొరికిపోతారు.

వాన తగ్గలేదు. నేను గుడ్డు వలిచి, పచ్చసొన బండి కిందికి అందించి, తెల్లసొన నోట్లో వేసుకున్నాను.

"ఏందన్నా, కుక్కతోని వాటానా?" అని నవ్వాడు చాయ్ తాగే పిల్లగాడు.

దొరికినవాడికి తెల్లసొనే మరి.