బాపులకు థాంక్స్ చెప్పించిన రోజు

మనుషులు సంతోషంగా ఎలా బతకాలో నేర్పబోయి, ఒక్క పూటలో మూడు జిల్లాల తల్లిదండ్రులను ఏడిపించి, మా కాలేజీ దాకా ఉరికించిన ఘనత నాది. వరదలు కూడా ముందుగా ఏదో ఒక సూచన ఇచ్చి వస్తాయి. నేను అదీ ఇవ్వలేదు. ఆ రోజు గేటు ముందు ఆగిన ఆటోలను చూసి, లోపల ఏదో జాతర జరుగుతోందనుకుని, ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం ఆయన పాలు ఎక్కువ తెప్పించాడు. నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం స్టాఫ్‌రూంలో బీరువా వెనక నిలబడి ఉన్నాను.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. మాది ఆదిలాబాద్ జిల్లాలో బోథ్ దగ్గర పల్లె. చెప్పేది కామర్స్. గెస్ట్ లెక్చరర్ అంటే పేరుకే అతిథి. ఏటా ప్రిన్సిపాల్ దయతలిచి పైకి పేరు పంపితే వచ్చే ఏడు ఉంటాం, లేకపోతే లేదు. మా బాపు ఈ సంగతి పట్టించుకోకుండా పత్తి కొనే సేటుకు, పురుగుమందుల దుకాణం ఆయనకు, చివరికి ఆదిలాబాద్ బస్సు కండక్టర్‌కు కూడా "మా బిడ్డ పెద్ద లెక్చరర్" అని చెప్పి పెట్టాడు. ఉద్యోగం పోతే నేను ఎలాగోలా బతికేదాన్నే. ఆయన మాత్రం ఆ బస్సెక్కడం మానేయాల్సి వచ్చేది.

ఆ ఏడే డిగ్రీ పిల్లలకు ఆనందంగా జీవించడం ఎలా అని ఒక కొత్త కోర్సు వచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు. మా ప్రిన్సిపాల్ నర్సయ్య సార్ స్టాఫ్‌రూంలోకి వచ్చి చుట్టూ చూశారు. అందరూ హఠాత్తుగా పేపర్లు దిద్దడంలో మునిగిపోయారు. నేనొక్కదాన్నే మర్యాదకు ఆయన్ని చూసి నవ్వాను.

"నువ్వు మస్తు సంతోషంగ కనవడుతున్నవమ్మా. గా క్లాసు నువ్వే తీస్కో" అన్నారు సార్.

"సార్, నాది కామర్స్..."

"లాభం నష్టం గదే గదా. ఒక్కటే మాట చెప్తున్న. తల్లిదండ్రులకెల్లి ఒక్క కంప్లైంట్ రావద్దు. వచ్చిందనుకో, వచ్చే ఏడు నీ పేరు పంపుడు నాతోని కాదు."

కంప్లైంటా, సంతోషం నేర్పితే ఎవరు కంప్లైంట్ చేస్తారు అనుకున్నాను. చూశారా, అంత తెలివి.

కోర్సు చెప్పేవాళ్లకు హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చారు. చల్లటి హాలు, దూదిలాంటి కుర్చీలు, మెత్తటి గొంతుతో మాట్లాడే ఒక పెద్దాయన. కృతజ్ఞత చెప్పుకుంటే మనసు వికసిస్తుందన్నాడు. భోజనంలో రెండు రకాల మిఠాయిలు పెట్టడంతో నా మనసు అప్పటికే వికసించి ఉంది. సంతోషాన్ని స్వయంగా నేనే కనిపెట్టినట్టు ముఖం పెట్టుకుని తిరిగొచ్చాను. బస్టాండులో దిగి ఆటో ఆయన్ని "మీరు ఈ రోజు సంతోషంగా ఉన్నారా?" అని అడిగాను. "జర లోపటికి జరుగుండ్రి మేడం, ఇంకొకలు కూసుంటరు" అన్నాడు.

మర్నాడే క్లాసు. ఫైనలియర్ పిల్లలు.

"మీ అమ్మానాన్నలకు ఎప్పుడైనా థాంక్స్ చెప్పారా?" అన్నాను, ఆ హైదరాబాద్ పెద్దాయన గొంతు అరువు తెచ్చుకుని.

క్లాసు నా వైపు జాలిగా చూసింది. గోదావరిఖని నుంచి వచ్చే రాజేశ్ లేచాడు. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పని చేస్తాడు.

"ఎందుకు మేడం?"

"నిన్ను పెంచినందుకు."

"పెంచినందుకు థాంక్సా? మా అవ్వకు చెప్తె కట్టె అందుకుంటది."

సిరిసిల్ల అమ్మాయి స్రవంతి ముందు బెంచీలో కూర్చుని ఉంది. ఇంట్లో సాంచలు, అంటే పవర్‌లూమ్‌లు నడిపే కుటుంబం. "మేడం, మా ఇంట్ల ఎవ్వలకు ఎవ్వలు థాంక్స్ అనరు. తిన్నవా అంటరు, గంతే" అంది.

నిజం చెప్పాలంటే మా ఇంట్లోనూ అంతే. మా అమ్మకు, మా వైపు మాటలో అవ్వకు, నా మీద ప్రేమ పొంగితే "గిట్ల పుల్లలెక్క అయినవేందే" అని తిడుతుంది. ఎక్కువ పొంగితే ఇంకో రొట్టె వేసి తిడుతుంది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

"అదే మన సమస్య" అన్నాను గంభీరంగా. "ఇప్పుడే ఇంటికి ఫోన్ చేయండి. థాంక్స్ చెప్పండి. మీరంటే నాకు ఎంతో ప్రేమ అని చెప్పండి. ఎందుకు చెబుతున్నారో మాత్రం చెప్పకండి, చెబితే ఆ మాటలోని పవిత్రత పోతుంది. చెప్పగానే ఫోన్ ఆపేసి నాకివ్వండి. సాయంత్రం దాకా బీరువాలో ఉంటాయి. ఆ అనుభూతిలో మౌనంగా ఉందాం."

ఎవరూ కదల్లేదు.

"దీనికి ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి" అన్నాను.

క్షణంలో క్లాసంతా కన్నవాళ్ల మీద ప్రేమతో నిండిపోయింది. అందరూ వరండాలోకి ఉరికారు. నేను మెట్ల దగ్గర నిలబడి చిరునవ్వుతో విన్నాను.

"అవ్వా, నన్ను పెంచినందుకు థాంక్స్. నువ్వంటె నాకు పాణం. బాపుకు గుడ చెప్పు. ఉంట మరి" అని రాజేశ్ ఫోన్ పెట్టేశాడు. అవతల నుంచి "ఏమైందిరా? యాడున్నవ్?" అని సగం వినిపించి ఆగిపోయింది.

పక్కనే స్రవంతి. "బాపూ, నన్ను సదివిచ్చినందుకు మస్తు థాంక్స్. నేనేమన్న తప్పు జేసుంటె మాఫ్ చెయ్యి." ఆ మాఫీ ముక్క నేను చెప్పలేదండీ, పిల్ల భక్తి కొద్దీ చేర్చుకుంది. అవతల టకటకా వినిపిస్తున్న సాంచల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. పాపం, తండ్రి గుండె కరిగింది అనుకున్నాను.

తర్వాత పిల్లలందరినీ సెమినార్ హాల్లో నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. కళ్లు మూసుకోవాలి, ఎవరు పిలిచినా పలకకూడదు. హాయిగా ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి కిటికీ దగ్గర నర్సయ్య సార్ ఫోన్ చెవికి పెట్టుకుని కనిపించారు. "రాజేశూ" అని పిలిచారు. వాడు మార్కులు కావాల్సినవాడు, కదల్లేదు. నేను పెదాల మీద వేలు పెట్టి, సార్, మౌనం, అన్నట్టు చూశాను. ఆయన వెనక్కి వెళ్లారు. ఫోన్‌లో ఉన్నది రాజేశ్ వాళ్ల అవ్వ అని, సార్ ఆమెకు ఇచ్చిన ధైర్యం ఇదని నాకు తర్వాత తెలిసింది:

"ఏం ఫికర్ చెయ్యకమ్మా. పిల్లలందరు ఈన్నే ఉన్నరు. వరుసగ నేల మీద పండుకోవెట్టిండ్రు. నీ కొడుకును పిలిస్తె పలుకుతలేడు గని, మంచిగనే కనవడుతుండు."

మధ్యాహ్నం నేను డబ్బా తెరిచి జొన్నరొట్టె తుంచుతుండగా బయట గోల మొదలైంది. కిటికీలోంచి చూస్తే ఒకామె ఆటో ఆగకముందే దిగుతోంది. వెనక రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాడు పడుకున్నట్టే లేచొచ్చిన భర్త, తిరగేసి తొడుక్కున్న చొక్కా. ఆమె రాజేశ్‌ను దొరకబుచ్చుకుని తల, చేతులు, కాళ్లు అన్నీ తడిమింది.

"బండి గుద్దిందా? ఏమన్న తాగినవా? ఎవడన్న కొట్టిండా?"

"ఏం కాలే అవ్వా."

"ఏం కాకుంటె పాణం అని ఎందుకన్నవ్‌రా?"

అంతలో స్రవంతి బాపు వచ్చాడు. జుట్టు నిండా నూలు పోగులు. తోడుగా ఇంకో ఇద్దరు సాంచలు బంద్ పెట్టి వచ్చారు. ఆయన కూతుర్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"పిల్లగాడెవడు బిడ్డా?"

"ఏ పిల్లగాడు బాపూ?"

"నువ్వు లగ్గం చేసుకున్న పిల్లగాడు. చెప్పు, నేనేమన."

"నాకు లగ్గం కాలే."

"మరి మాఫ్ చెయ్యమన్నవ్. ఫోన్ బంద్ వెట్టుకున్నవ్. గట్లెవలంటరు బిడ్డా, ఇల్లిడిసి పొయ్యేటోళ్లే అంటరు."

ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. మెట్‌పల్లి నుంచి ఒక పసుపు రైతు ఆ పసుపు అంటిన చేతులతోనే వచ్చాడు. అందరూ కలిసి ప్రిన్సిపాల్ గది ముందు చేరారు. నేను బీరువా వెనక చేరింది అప్పుడే. కొంచెం సేపటికి సార్ గొంతు వినిపించింది.

"ఏడున్నవమ్మా? బీరువ కింద నీ చెప్పులు కనవడుతున్నయి, బయటికి రా."

వచ్చాను. నా హైదరాబాద్ గొంతు ఎటు పోయిందో, అచ్చమైన బోథ్ మాట వచ్చింది. "పరేషాన్ కాకుండ్రి. పిల్లలు మంచిగున్నరు. థాంక్స్ చెప్పుమని నేనే చెప్పిన. క్లాసుల పని అది. మార్కులు గుడ ఉన్నయి."

ఇక్కడితో అయిపోతుందని మీరనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. రాజేశ్ అవ్వ కొడుకు చేయి వదిలేసింది.

"అంటె మార్కుల కోసం అన్నవా?"

రాజేశ్ తల దించుకున్నాడు.

"నేను ఆటోల ఏడ్సుకుంట వచ్చిన. మీ బాపు చెప్పులు గుడ తొడుక్కోలే. నా కొడుకు గంత మాటన్నడు, ఏమైందో అని ఒక దిక్కు భయం. గంత మాటన్నడని ఒక దిక్కు సంబురం. మార్కులకా?"

నేను అప్పటిదాకా ఉద్యోగం గురించి భయపడుతున్నాను. ఆ మాటతో అదీ మర్చిపోయాను. ఆ ప్రేమకు వెల కట్టింది నేనే. సిగ్గుతో నాకు ఎక్కడ చూడాలో తోచలేదు.

రాజేశ్ అందరి ముందూ, చెవులదాకా ఎర్రబడి, గొణిగాడు. "మార్కులకే ఫోన్ జేసిన అవ్వా. గని అన్నది నిజమే."

"ఇనవడ్తలేదు."

"నిజమే అన్న. అడగకు ఇగ."

ఆమె ముక్కు చీదుకుని, "తిన్నవా?" అంది. స్రవంతి బాపు కూతురి తల మీద చేయి పెట్టి, చేయి తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. ఆ పసుపు చేతులాయన అందరికీ చాయ్ చెప్పాడు.

పెద్దవాళ్లు పోతూ పోతూ సార్‌కు కంప్లైంట్ మాత్రం మర్చిపోకుండా ఇచ్చారు. "గీ మేడం పిల్లలకు ఏం నేర్పుతుందో జర చూడుండ్రి." సార్ నన్ను చూసి, "రేపు పేర్లు పంపేదుంది. పొద్దుగాల వచ్చి కలువు" అన్నారు.

ఆ రాత్రి ఏ మాటతో బాపుకు చెప్పాలా అని ఆలోచించాను. పొద్దున్నే సార్ గదిలోకి వెళ్లాను. ఎలాగూ పోయేదే, గౌరవంగా పోదాం అనుకున్నాను. ఆయన నోరు తెరవకముందే నేనే మొదలుపెట్టాను.

"సార్, నాకు ఇక్కడ చెప్పే అవకాశం ఇచ్చినందుకు మీకు థాంక్స్. నన్ను సొంత బిడ్డలా చూసుకున్నారు. తప్పులుంటే క్షమించండి."

సార్ కుర్చీలోంచి సగం లేచారు. "ఎవరు పిలిచిండ్రు?"

"ఎవరు సార్?"

"జగిత్యాల ప్రైవేటు కాలేజోళ్లా? మంచిర్యాలోళ్లా? చెప్పమ్మా, నా దగ్గర దాసకు."

"ఎవరూ పిలవలేదు సార్. మనస్ఫూర్తిగా చెబుతున్నాను."

"గట్లనే అంటరు. పరీక్షల ముంగట అకౌంట్స్ లెక్చరర్ పోతె నేనేడికెల్లి దేవాలె?" అని, గది బయటికి తల పెట్టి క్లర్క్‌ను కేకేశారు. "ఓ మల్లేశం, పేర్లు పంపేటప్పుడు మేడం పేరు అందరికంటె ముందుగాల పంపు."

"సార్, నిజంగా థాంక్స్..."

"అనకమ్మా, అనకు. ఇంకేం గావాలె? శనివారం క్లాసు దీసేస్త. గా మాట మాత్రం అనకు."

బయటికి వచ్చి వరండాలో కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను. నన్ను గోదావరిలోంచి జుట్టు పట్టి లాగి కాపాడినవాళ్లకైనా సరే, "తిన్నరా?" అని అడుగుతాను గానీ ఈ జన్మలో ఇంకెవరికీ థాంక్స్ చెప్పను. ఇంత ఓపికగా చదివిన మీకు కూడా చెప్పడం లేదు. మీరు కంగారుపడి ఆటో ఎక్కుతారు.