కాఫీ అయ్యేదాకా వెలగాల్సిన టార్చి

కాల్యుమెట్ ఊళ్ళో ఎవరైనా టార్చిలైటు కొనబోయి, ముందు దాన్ని పంటికేసి కొట్టి చెవి రిక్కించారంటే, వాళ్ళు ఆర్విడ్ కాంగస్ మాట నమ్మి చెడ్డవాళ్ళని అర్థం. ఆ అలవాటు ఊరికి అంటించింది అతనే.

ఆర్విడ్ బడి బస్సుల కింద పడుకుని బతుకు వెళ్ళదీసిన మెకానిక్కు. కరెంటు పని అతనికి ఎవరూ నేర్పలేదు. చచ్చిన రేడియోలు విప్పి, కొన్నిటిని ఇంకాస్త చంపి, తనే నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. పనిలోంచి దిగిపోయాక అతనికి రాళ్ళ పిచ్చి పట్టుకుంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున బూడిదరంగు గులకరాళ్ళుంటాయి. పగటిపూట వాటిని తన్నుకుంటూ పోతాం. చీకట్లో అతినీలలోహిత కాంతి పడిందా, అందులో కొన్ని పొయ్యిలో బొగ్గుల్లా లోపల్నుంచి రాజుకుంటాయి. ఆ కాంతినిచ్చే టార్చి దుకాణంలో దొరుకుతుంది గానీ ఊళ్ళోని రాళ్ళ సంఘం దాన్ని ఒప్పుకోదు. మామూలు చిన్న టార్చి కొని, దాని పేగులు తీసేసి, సొంత చేత్తో కొత్తవి పెట్టుకోవాలి. మంచు కరగ్గానే పోటీ. గెలిచినవాళ్ళు ఆ ఏడాది ఒడ్డున అందరికంటే ముందు నడుస్తారు. ముందు నడిచేవాళ్ళకి రాళ్ళు, వెనకవాళ్ళకి వాళ్ళ వీపు.

చాలా ఏళ్ళుగా ఆ వీపు ఆర్విడ్‌ది.

అందరూ అతని టంకం పనిలో ఏదో మహిమ ఉందనుకునేవాళ్ళు. పని శుభ్రంగానే ఉండేది, కాదనలేం. కానీ అతను గెలిచేది సామాన్లు బల్లమీదికి రాకముందే, టార్చి బాడీ ఎంచుకునేటప్పుడే. తల విప్పి చూసేవాడు. ఎల్‌ఈడీ కూర్చునే అరుగు మందంగా ఉందా, రేకు ముక్కేనా? ఆ అరుగు ఒంటితో కలిసే ఉందా, విడిగా ఇరికించారా? మూతి దగ్గర రింగు మర తిప్పితే వస్తుందా, జిగురేసి అతికించారా? ఎల్‌ఈడీ వేడెక్కితే వెలుగు పడిపోతుంది, చిన్న టార్చిలో ఆ వేడి పోవడానికి చోటుండదు. ఒళ్ళే దాన్ని లాక్కుని చేతికివ్వాలి. ఇదంతా అతను ఎవరికీ చెప్పలేదు. అడిగితే మాత్రం, "పంటికేసి కొట్టి విను. మంచి బాడీ అయితే గుడి గంటలా మోగుతుంది," అనేవాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆ ఏడు లూథరన్ చర్చి నేలమాళిగలో పాతసామాన్ల అమ్మకం పెట్టారు. ఆర్విడ్ వెళ్ళేసరికి సంఘంలో సగం మంది బుట్టల ముందు నిలబడి టార్చీలు కొరుకుతున్నారు. ఓర్విల్ అనే పెద్దమనిషి కట్టుడుపళ్ళు తీసి చేత్తో పట్టుకుని మరీ వాయిస్తున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు ఆర్విడ్.

"కొంచెం బొంగురుగా ఉంది."

"బొంగురైతే మంచిదే. లోపల కండ ఉన్నట్టు."

ఓర్విల్ దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆర్విడ్‌కి తనది మొదటి బుట్టలోనే కనిపించింది. మాసిపోయిన అల్యూమినియం టార్చి. లోపల పాత బ్యాటరీ చీమిడి కార్చి ఎండిపోయింది. తల విప్పితే అరుగు ఒంట్లోంచే తొలిచి ఉంది, వేలంత మందం. మరల్లోని మురికిని చొక్కా అంచుతో తుడిచాడు. కానీ అమ్మకం దగ్గర కూర్చున్న వెర్నా మహా గడుసుది. ఆర్విడ్ చెయ్యి వేసిన వస్తువుకి చూస్తుండగానే ధర పెంచేస్తుంది. అందుకని దాన్ని ఉన్ని చేతితొడుగుల కింద దాచి, పక్క బుట్టలోంచి తళతళలాడే ఉక్కు టార్చి ఒకటి తీశాడు. పంటికేసి కొట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. నిట్టూర్చాడు.

"ఇలాంటిది మళ్ళీ పుట్టదు," అన్నాడు అందరికీ వినబడేలా.

వెర్నా లేచొచ్చి దాని చీటీ మార్చింది.

ఆర్విడ్ వదిన హెల్మీ పక్కనే ఉంది. చనిపోయిన అన్న భార్య. ఇల్లు కూడా పక్కదే. కుట్టుమిషన్లు బాగుచేసి బతికిన మనిషి. ఇన్నేళ్ళూ అతని వీపు చూస్తూ నడిచిన వాళ్ళలో ఆమె ఒకతె.

"మరిదీ, మొహం వాడిపోయింది. మెట్లెక్కి ఓ మాంసం పాస్టీ తినిరా," అంది.

తిని వచ్చాడు. చేతితొడుగుల కింద ఏమీ లేదు. బుట్టలన్నీ ఖాళీ. ఊరంతా కొరికి కొరికి కొనేసింది. మిగిలింది ఉక్కుది ఒక్కటే, ఆ ధరకి దాన్ని ఎవరూ ముట్టలేదు. పోటీకి బాడీ ఆ అమ్మకంలోంచే తీసుకోవాలని సంఘం కట్టడి. ఆర్విడ్ డబ్బు చెల్లించాడు.

"అదృష్టవంతుడివయ్యా. ఇలాంటిది మళ్ళీ పుట్టదట," అంది వెర్నా.

ఇంటికెళ్ళి విప్పితే భయపడ్డంతా నిజమే. లోపల డొల్ల, అరుగు పల్చటి రేకు. పాత నీటిగొట్టం చీల్చి, సాగగొట్టి, రాగి బిళ్ళ చేసి దాని కింద బిగించాడు. టంకం ముత్యాల్లా పెట్టాడు. అయినా ఉక్కు ఉక్కే. వేడిని తీసుకోదు, తీసుకున్నది వదలదు.

పోటీ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింద బొగ్గుల గదిలో. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ కన్ను పొడుచుకున్నా కనిపించదు. అందరూ ఆ కాంతి కళ్ళకి తగలకుండా పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని, తలా ఒక రాయి ఎదురుగా ఉంచుకుని, ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో కాఫీ కప్పు పట్టుకున్నారు. ఆఖరి కప్పు ఖాళీ అయ్యేదాకా టార్చి ఆర్పకూడదు. అప్పుడు ఎవరి రాయి ఎక్కువ రగులుతుంటే వాళ్ళదే గెలుపు.

మొదట్లో ఆర్విడ్ రాయి భగ్గుమంది. "ఇంక చూసేదేముంది," అన్నాడు ఓర్విల్. అతని బొంగురు టార్చి అప్పటికే కాలిన వాసనేసి ఆరిపోయింది. ఆర్విడ్ గొంతు కాలినా లెక్కచెయ్యక కాఫీ గటగటా తాగేశాడు. ఒక్కొక్కరే కప్పులు దించారు. హెల్మీ దించలేదు. కప్పు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నిసు అనే యాలకుల రొట్టె ముక్క కాఫీలో ముంచి, నానేదాకా ఆగి, తింటోంది.

"వదినా, చల్లారిపోతోంది."

"నాకు చల్లటిదే ఇష్టం."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టినుంచి."

ఉక్కు టార్చి తోక చల్లగానే ఉంది, తల మాత్రం పెనంలా కాలుతోంది. ఆర్విడ్ చెయ్యి మార్చాడు. రాయి ఎరుపు నారింజకి దిగింది. హెల్మీ ఇంకో ముక్క తుంచింది. నారింజ కాస్తా గోధుమరంగైంది. ఆమె టార్చి ఒళ్ళంతా ఒకేలా వెచ్చబడింది కాబోలు, ఆ చలి గదిలో చేతులు కాచుకుంటోంది. ఆమె రాయి మొదట ఎలా ఉందో అలాగే ఉంది. చివరి గుక్క తాగి, కప్పు బోర్లించి, వేలితో తట్టి చూపించింది.

దీపాలు వేశాక ఆర్విడ్ ఆ మాసిన అల్యూమినియాన్ని గుర్తుపట్టాడు. తల విప్పి చూశాడు. సర్క్యూట్ మీద టంకం నమిలి ఉమ్మినట్టుంది.

"దీంతో గెలిచావా వదినా?"

"గెలిచింది బాడీ. నేను కాఫీ తాగాను."

"అది తీసుకోవాలని నీకెలా తెలుసు?"

"ఉక్కుదాన్ని నువ్వు పొగిడావు. దీని మరలేమో చొక్కా అంచుతో తుడిచి పెట్టావు. నచ్చినదాన్ని మురికిగా వదిలెయ్యలేవు. మీ అన్నా అంతే."

ఆర్విడ్ మర బిగించి టార్చి తిరిగిచ్చాడు.

మర్నాడు పొద్దువాలాక ఒడ్డుకి వెళ్ళారు. హెల్మీ ముందు, ఆర్విడ్ వెనక, మిగతా అందరూ ఆ వెనక. ఆమె ఒక్కో గులకరాయి దగ్గరా ఆగుతోంది. దాటి వెళ్ళడానికి లేదు.

"కాస్త కాళ్ళు కదుపు వదినా. మళ్ళీ మంచు పడేలా ఉంది."

ఆమె వెనక్కి తిరిగి వెలుగు అతని పాదాల మీద వేసింది. బూటు మడమ కింద కొబ్బరికాయంత రాయి సగం బయటపడి కణకణ రగులుతోంది. ఆమె చేతిలో టార్చి చూస్తూ నడిచినవాడికి అది కంటపడలేదు.

ఆర్విడ్ వంగి, తవ్వి, తీశాడు. ఇంత పెద్దది అతనికి ఎన్నడూ దొరకలేదు.

"వెలుగు ఎవరిదైతే రాయి వాళ్ళది," అంది హెల్మీ, సంచి తెరిచి పట్టుకుని.

అతను దాన్ని సంచిలో వేశాడు. బరువుకి ఆమె భుజం ఒంగింది. ఆమె ఆ సంచిని తీసి అతని మెడలో తగిలించి, మళ్ళీ ముందుకు నడిచింది.