మంగ్లి నడుము సంచిలోని గాంధీ బిళ్ళ

కిషన్‌లాల్ దగ్గర వెండి పది రూపాయల బిళ్ళలు నలభై ఒకటి ఉండేవి. అన్నీ ఒకే రకం, గాంధీ శతజయంతి ఏడాది వేసినవి. నలభై రెండోది అతని భార్య మంగ్లి నడుముకు కట్టుకునే గుడ్డ సంచిలో ఉండేది. ఆ ఒక్క బిళ్ళ కోసం అతను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అతను నా స్నేహితుడు. అయినా దాచను.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సు మీద ఇరవై రెండేళ్ళు నేను డ్రైవర్ని, అతను కండక్టరు. జూలూరుపాడు దాటాక అడవిలోకి తిరిగే మట్టిదారిలో అతని తండా. అక్కడి లంబాడీ కుటుంబాల్లో మొదటి సర్కారు నౌకరీ అతనిదే. ఆ గర్వం మనిషిలో బాగా ఉండేది. టికెట్టు లేకపోతే పెద్ద ఆఫీసరునైనా నడిరోడ్డు మీద దింపేసేవాడు. ఏ ముసలమ్మ చేతిలోనైనా పాత నాణెం కనిపించిందంటే మాత్రం గొంతు ఒక్కసారిగా మెత్తబడేది.

మొదటి బిళ్ళ అలాగే దొరికింది. పాల్వంచలో ఎక్కిన ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి ఒక పెద్ద వెండి బిళ్ళ తీసి, ఇది చెల్లుతుందా అని అడిగింది. చెల్లుతుందన్నాడు. టికెట్టు చింపి, చిల్లర లెక్కగా ఇచ్చి, తన జేబులోని పది నోటు డ్యూటీ సంచిలో వేసి, బిళ్ళను జేబులో వేసుకున్నాడు. అందులోని వెండి ఎంత విలువ చేస్తుందో ఆమెకు చెప్పలేదు. భద్రాచలం స్టాండులో ఆ సంగతి నాకు చెబుతుంటే నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ బిళ్ళలో ఏముందని అడిగితే మాత్రం అతను గంటసేపు చెప్పేవాడు. ఒకవైపు గాంధీ తల, దాని కింద ఆయన పుట్టిన ఏడు, పోయిన ఏడు. రెండోవైపు సింహాలు. పదిహేను గ్రాముల బరువు, నూటికి ఎనభై పాళ్ళు వెండి. బొంబాయిలో కొట్టినదానికి ఆ ఏళ్ళ అంకెల కింద కంటికి ఆనీ ఆనని గుర్తొకటి ఉంటుంది, కలకత్తాదానికి ఉండదు. వెండి ధర పెరిగేసరికి జనం వాటిని ఖర్చు పెట్టడం మానేసి పెట్టెల్లో దాచుకున్నారట. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు బిళ్ళను ఇనుప మెట్టు మీద పడేసి, ఆ మోత నన్ను వినమనేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ మోత బాగుండేది. చేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి అయ్యేది కాదు. గాంధీ బొమ్మ ఉన్న దేశపు మొదటి బిళ్ళలు ఇవే రవీందరూ, అని ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు.

సత్తుపల్లిలో వెంకటరామారావు అనే పెద్ద రైతు పాత నాణేలు పోగుచేసేవాడు. సెలవు రోజుల్లో కిషన్‌లాల్ ఆయన దగ్గరికి పోయి కూర్చునేవాడు. ఆయన నేర్పిన సూత్రం ఒకటే. మంచి నాణేనికి చిల్లు పడకూడదు, కొక్కెం అతకకూడదు, ఎప్పుడూ తోమకూడదు. ఇక్కడే కిషన్‌లాల్ పాపం పండింది. అతను ఏరింది ఎక్కువగా తండాల్లో. తండా ఆడవాళ్ళు వెండి బిళ్ళ చేతికొస్తే కంసాలి దగ్గర కొక్కెం అతికించి మెడలో దండకో, రవికె అంచుకో వేలాడదీస్తారు. నలభై ఒక్క బిళ్ళల్లో ఒక్కటంటే ఒక్కటి మచ్చ లేనిది లేదు. కొన్నిటికి కొక్కేలు అలాగే ఉన్నాయి, కొన్నిటికి విరిగి మొండి మిగిలింది. వెంకటరామారావు వాటిని పక్కకు తోసి, కరిగించుకోవయ్యా అన్నాడట.

మచ్చ లేనిది ఇంట్లోనే ఉంది. మంగ్లి తల్లి ఎండాకాలమంతా బీడీల తునికాకు కోసి సంపాదించిన బిళ్ళ అది. పెళ్ళినాడు కూతురి చేతిలో పెట్టి, దీన్ని కంసాలికి ఇవ్వకు, నిప్పు తగలనీయకు, ఇలాగే ఉంచుకో అని చెప్పిందట. మంగ్లి అలాగే ఉంచుకుంది. ఏటా తీజ్ పండగ రోజు ఒక్కసారి సంచిలోంచి తీసి, ఆడవాళ్ళతో కూర్చుని చూసుకుని, మళ్ళీ కట్టుకునేది. మొగుడి చేతికి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. అతను దూరం నుంచి చూసేవాడు. నిన్నగాక మొన్న టంకశాలలోంచి వచ్చినట్టు మెరుస్తోంది రవీందరూ, అని నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. బతిమాలాడు, అలిగాడు, బదులుగా వెండి పట్టీలు తెచ్చిచ్చాడు. పట్టీలు తీసుకుంది. బిళ్ళ ఇవ్వలేదు.

మా రిటైర్మెంట్లు అయ్యాక ఆమెకు కడుపులో గడ్డ వచ్చింది. ఖమ్మం దవాఖానాలో ఇక లాభం లేదన్నారు. నేను చూడబోయిన రోజు మంగ్లి నన్ను మంచం దగ్గరికి పిలిచింది. మా వైపు పోయినవాళ్ళ నుదుటిన ఒక నాణెం అంటించి సాగనంపుతాం. ఆమె దాని గురించే మాట్లాడింది.

“అన్నా, నువ్వు సాక్షి. నేను పోయినంక నా నొసట మా యాడి ఇచ్చిన బిళ్ళ పెట్టాలె. ఈయన దగ్గరున్నయి నాకొద్దు. అవి ఎవల మెడలయో.”

యాడి అంటే వాళ్ళ మాటలో అమ్మ. కిషన్‌లాల్ ఆమె అరచేతిలో చెయ్యి వేసి, “అవ్, అదే పెడత,” అన్నాడు. కూతురు కళ్యాణి కూడా అక్కడే ఉంది. ఇల్లందు దగ్గర అంగన్‌వాడీలో పనిచేసే పిల్ల, తక్కువ మాట్లాడుతుంది. నాలుగో రోజు మంగ్లి పోయింది.

సాగనంపేటప్పుడు కిషన్‌లాల్ బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు. నుదుటిన పెట్టి దాని మీద కుంకుమ మెత్తాడు. మెత్తడమంటే మామూలుగా కాదు, బిళ్ళ అంచు కూడా కనపడకుండా బొటనవేలితో అదిమి అదిమి మెత్తాడు. నాకు అనుమానం వచ్చింది. నేను సాక్షిని. అడగాల్సింది. ఏడుస్తున్న మనిషిని శవం ముందు ఏం అడుగుతామని ఊరుకున్నాను. ఇవాళ్టికీ నా మీద నాకు కోపం వచ్చేది అక్కడే.

మర్నాడు అతనే నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. భూతద్దం, మంగ్లి బిళ్ళ నా చేతిలో పెట్టాడు. అద్దంలోంచి చూస్తే గాంధీ చెంప మీద, సింహాల మీద, బిళ్ళంతా సన్నటి గీతలు. ప్రతి తీజ్‌కూ ఆమె దాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమేదని తండా ఆడవాళ్ళు చెప్పారట. అన్నేళ్ళు అతను మురిసిపోయిన మెరుపు ఆ తోముడు మెరుపే. తల్లి వస్తువును ఆమె శుభ్రంగా ఉంచుకుంది, అంతే. వెంకటరామారావు సూత్రం ప్రకారం ఇప్పుడు అది కూడా కరిగించుకునే వెండే.

“దీనికోసం దాన్ని మోసం చేసిన,” అన్నాడు. అయ్యో అనాలనిపించలేదు నాకు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. అదీ చెయ్యలేదు.

మూడో రోజు బూడిద ఎత్తడానికి వాగు ఒడ్డుకు పోయాం. ఎముకలు ఏరుతుంటే తల వైపు మట్టిలోకి జారిన బిళ్ళ కళ్యాణికి దొరికింది. నల్లగా మాడింది గానీ కరగలేదు. కొంగుతో తుడిచింది. అంచున విరిగిన కొక్కెం మొండి బయటపడింది. ఆ పిల్ల దాన్ని తండ్రి ముందుకు చాపింది.

“బాపూ, యాడి బిళ్ళకు కొక్కెం లేదు.”

అప్పుడన్నా తప్పయిందని కాళ్ళ మీద పడితే సరిపోయేదేమో. జీవితమంతా టికెట్ల దగ్గర వాదించిన నోరు కదా, ఊరుకోలేదు.

“అన్నీ ఒక్కతీరు బిళ్ళలే బిడ్డా. ఏది పెడితే ఏంది?”

కళ్యాణి మాడిన బిళ్ళను కొంగున ముడేసుకుని, పనులన్నీ అయ్యేదాకా ఉండి, ఇల్లందు బస్సు ఎక్కింది. ఐదేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తి, ఆరోగ్యం అడిగి పెట్టేసేది. కిషన్‌లాల్ బిళ్ళల డబ్బా మళ్ళీ తెరవలేదు. బస్సు ఇనుప మెట్టు మీద బిళ్ళ మోత విని పులకరించిన మనిషి, చిల్లర కింద పడితే ఉలిక్కిపడే స్థితికి వచ్చాడు. నేను వారానికోసారి పోయేవాణ్ణి. తిట్టడానికి పోయేవాణ్ణో చూడటానికి పోయేవాణ్ణో నాకే తెలియదు.

పోయిన ఎండాకాలం మంగ్లి బిళ్ళను ఆమె గుడ్డ సంచిలోనే పెట్టి నాకిచ్చాడు. “దీన్ని నా నొసట పెట్టు. నేనే తీస్కపోయి దానికిస్త,” అన్నాడు. సరేనన్నాను. రెండు నెలలకు గుండె ఆగింది.

కళ్యాణి వచ్చింది. నేను సంచి ఆమె చేతిలో పెట్టి, తండ్రి చెప్పిన మాట చెప్పాను. బిళ్ళ తీసింది. దాని మీది గాంధీ ముఖాన్ని బొటనవేలితో రాసింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే దాన్ని మళ్ళీ సంచిలో వేసి తన నడుముకు కట్టుకుంది. చేతిసంచిలోంచి ఒక రుమాలు తీసి ముడి విప్పింది. అందులో వాగు ఒడ్డున దొరికిన నల్లటి బిళ్ళ ఉంది.

“బాపుకు ఏదైనా ఒకటే కద కాకా.”

నేను మాటిచ్చిన మనిషిని. ఈసారి కూడా నోరు తెరవలేదు, కానీ ఈసారి మొహమాటపడి కాదు. ఆమె ఆ నల్ల బిళ్ళను తండ్రి నుదుటిన అంటించి, కుంకుమ కొంచెమే పెట్టింది. పాడె లేచేదాకా కొక్కెం మొండి అందరికీ కనిపిస్తూనే ఉంది.